కొరుక్కుపేట గది

8 జూలై 1963, సోమవారం
తడ

ఇవాళ కూడా గది దొరకలేదు.

మద్రాసు పార్కుటౌనులో మేడ మీద గది. గాలి ఉంది, వెలుతురు ఉంది. ఇంటాయన అరవం కలిసిన తెలుగులో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఊరడిగాడు, వెంకటాచలం అన్నాను. మీ నాయన ఏం చేస్తారన్నాడు, వ్యవసాయం అన్నాను. మొహం చేటంత చేసుకున్నాడు. తర్వాత నవోమి వైపు తిరిగి, నీ పేరేమిటమ్మా అన్నాడు. నవోమి చెప్పింది. చేట బోర్లా పడింది. ఆ గది తన మరదలికి కావాలన్న సంగతి ఆయనకు సరిగ్గా అప్పుడే గుర్తుకొచ్చింది.

మెట్లు దిగుతూ నాకు ఏడుపొచ్చింది. నవోమి మాత్రం గొడుగు విప్పి నా నెత్తిన పట్టింది. దానికి ఇలాంటివి అలవాటేమో. నాకు కొత్త.

నెలాఖరుతో టెలిఫోన్ ఆఫీసులో మా ఇద్దరి శిక్షణ అయిపోతుంది. ఒకటో తేదీ నుంచి రాత్రి డ్యూటీలు కూడా వేస్తారు. డ్యూటీ దిగి ఆ వేళప్పుడు తడలో అత్త ఇంటికి ఏ రైల్లో వస్తాను, నవోమి సూళ్లూరుపేటకు ఏ రైల్లో పోతుంది? గది దొరక్కపోతే ఉద్యోగానికి నీళ్లు వదులుకోవాల్సిందే. నాయన ఒకటే మాట చెప్పాడు: "ఆ పిల్లా నువ్వూ కలిసి ఉండేటట్టయితే ఉండు. ఒంటిగా అయితే వద్దు, ఇంటికొచ్చెయ్." చేరిన రోజు రైల్లో నవోమిని పక్కన కూర్చోబెట్టుకుని నాయన వివరాలన్నీ అడిగాడు. వాళ్లమ్మ మగ్దలీనమ్మ సూళ్లూరుపేటలో ఇల్లిల్లూ తిరిగి బైబిలు చెబుతుందన్నా మొహం మార్చలేదు. "వంట మాత్రం ఎవరిది వాళ్లు చేసుకోండి" అని ఊరుకున్నాడు.

ఇంటికొచ్చెయ్ అంటే ఏమిటో నాకు తెలుసు. మళ్లీ గొడ్లచావిడీ, వడ్ల కళ్లమూ, ఎస్సెల్సీ చదివి ఏం వెలగబెట్టిందని పక్కింటి వాళ్ల దెప్పుళ్లూ. నేను పోను.

12 జూలై

పేరమ్మత్త పొద్దున్నే "దొరికిందా?" అంటుంది, సాయంత్రం "దొరికిందా?" అంటుంది. అత్త కూతురు పురిటికి వస్తోంది, ఈ రెండు గదుల ఇంట్లో నేను అడ్డం. నోరు తెరిచి అనదు. నా చాప రోజుకింత వాకిలి వైపు జరుగుతోంది.

నవోమి రైల్లో ఒక మాట చెప్పింది. వేపేరిలో ఏసుమణి అనే ఆవిడ ఉందట. నర్సుపని మానుకుని, ఉద్యోగాలు చేసే ఆడపిల్లలకు తన ఇంట్లో గదులిస్తుందట. వాళ్ల సంఘం మనిషే.

"అక్కడయితే మనల్ని ఎవురూ ఏమీ అడగరు చెంచూ. పోయి చూసొద్దామా?"

వద్దన్నాను. నాకేం అభ్యంతరం లేదు. నాయన ఒప్పుకోడు. వెంకటాచలంలో తెలిస్తే పదినోళ్లు పదిరకాలు అంటాయి. తిండి దగ్గర కూడా ఇబ్బంది. నాకు మాత్రం ఏమీ లేదు. నవోమి నా పక్కన కూర్చుని అన్నం తింటుంది, నేనెప్పుడైనా జరిగి కూర్చున్నానా?

16 జూలై

బొట్టు పెట్టుకుంటే ఏం పోతుందే అన్నాను. ఇల్లు చూసేటప్పుడు పెట్టుకోవడం, బయటికొచ్చాక తుడిచేసుకోవడం. సినిమాల్లో వేషం వేసేవాళ్లు వేయడం లేదా?

నవోమి కిటికీలోంచి ఉప్పు మళ్లు చూస్తూ కూర్చుంది. కాసేపటికి, "అది మాత్రం అడగబాకు" అంది. సరే, నేను బలవంతం చేయలేదు. ఎవరి నమ్మకం వాళ్లది.

18 జూలై, గురువారం

దొరికింది.

ఇంత సంతోషంగా ఉండాల్సిన రోజున ఇంత గందరగోళంగా ఎందుకుందో రాస్తే తేలుతుందేమో.

కొరుక్కుపేట స్టేషనులో దిగి నడిచిపోయేంత దూరం. పొడుగాటి పెంకుటిల్లు. వీధి వైపు వాటాలో ఇంటావిడ రాఘవమ్మ ఉంటుంది. మధ్య వాటాలో ప్రెస్సులో పనిచేసే గంగులయ్య, ఆయన భార్య కామమ్మ. చివర మా గది. మధ్యలో బావి, దాని పక్కన కుళాయి. ఆఫీసులో గుమాస్తా చెబితే వెళ్లాము.

రాఘవమ్మది కోవూరు. చిన్నప్పుడే పెళ్లయి మద్రాసు వచ్చేసిందట. నా నోట రెండు మాటలు వినగానే, "నెల్లూరోళ్లా?" అని చాప వేసింది. ఆవిడ నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. నా ఊరూ వాడా అడిగింది. తన పెదనాయన కూతురిని వెంకటాచలం పక్క ఊరికే ఇచ్చారట. మంచినీళ్లిచ్చింది. అన్నీ అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

"ముందే చెప్తుండా, తర్వాత మాటలొద్దు. కిరస్తానీలకు ఇయ్యను. నీసు వండేవాళ్లకు ఇయ్యను. రాత్రి ఉద్యోగమంటుండారు, ఆడపిల్లలు పొట్టకోసం చేస్తుండారు గాబట్టి దానికి సరే."

నేను నీళ్ల చెంబు వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఆవిడ నవోమిని నిదానంగా చూసింది. నవోమి ఇవాళ నీలం అంచు తెల్లచీర కట్టుకుంది. మెడ బోసి, చేతులు బోసి, నుదురు బోసి. వాళ్లలో పెళ్లికాని పిల్లలు చాలామంది అట్లాగే ఉంటారు. రాఘవమ్మ మొహం ఒక్కసారిగా మారిపోయింది. ముందుకు వంగి నవోమి చెయ్యి పట్టుకుంది.

"అయ్యో బిడ్డా. ఈ వయసులోనా? ఎప్పుడమ్మా?"

నవోమికి అర్థం కాలేదు. నాకయింది.

"పోయిన సంవత్సరం" అన్నాను.

అంతే. నేనన్నది అంతే. నవోమి విధవ అని నేను అనలేదు. ఆమే అనుకుంది. నేను ఎప్పుడో చెప్పానంతే. ఆ తర్వాత పేరడిగింది, నాగమణి అన్నాను. అత్తగారింట్లో ఉంచుకోలేదా అంది, వెళ్లగొట్టారు అన్నాను. ఒకటి చెప్పాక రెండోది దానంతటదే వస్తుంది.

రాఘవమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంగెవురికీ ఇయ్యను ఈ గది. శ్రావణం పుట్టినాక సామాను తెచ్చుకోండి" అంది.

స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాక నవోమి అంది, "హెబ్రోను బతికే ఉండాడు గదే" అని.

హెబ్రోను దానికి నిశ్చయమైన అబ్బాయి. సూళ్లూరుపేటలో మాస్టరు. క్రిస్మస్ పోయాక పెళ్లి. నోటిమాటతో ఎవరూ పోరు అని చెప్పాను. ఒకటో తేదీ ఎంత దూరంలో ఉందో గుర్తుచేశాను. ఉద్యోగం పోతే వాళ్లమ్మ ఏం తిని బతుకుతుందో కూడా గుర్తుచేశాను. అది అనకుండా ఉండాల్సింది. కానీ నిజమే కదా. నవోమి చివరికి "సరే" అంది.

సరే అంది. ఇక నాదేముంది?

19 జూలై

నవోమి రైల్లో నాకు మామూలుగానే సీటు పట్టి ఉంచింది. మాట్లాడింది. కాబట్టి కోపం లేదు.

25 జూలై
కొరుక్కుపేట

గదిలో చేరాము. నాకంటూ తాళంచెవి ఉండడం ఇదే మొదలు. మాటిమాటికీ కొంగు ముడి తడిమి చూసుకుంటున్నాను.

కామమ్మ కొత్త గిన్నె తెచ్చింది. పొయ్యి రాజేసి పాలు పెట్టే ముందు రాఘవమ్మ గడప అవతల నిలబడి పిలిచింది. "నాగమణీ, నువ్వు కాసేపు ఇవతలికి రా బిడ్డా. ఏమీ అనుకోబాకు. నేను గూడా లోపలికి రాను." పాలు పొంగించే చోట మొగుడు పోయినవాళ్లు ఉండకూడదట. నవోమి లేచి వెళ్లింది. ఇద్దరూ బావి గట్టు మీద కూర్చున్నారు. కామమ్మ నాచేత పాలు పొంగింపజేసింది. పెళ్లికాని పిల్లవు, లక్ష్మీదేవివి అంది. నవోమీ పెళ్లికాని పిల్లే.

తూర్పు వైపు పొంగాయి. మంచిదట.

పాలలో బెల్లమూ బియ్యమూ వేసి పరమాన్నం వండి ఇద్దరికీ బయటికే తీసుకెళ్లి ఇచ్చాను. నవోమి తిన్నది. "బాగుందే" అంది కూడా. బావి గట్టు మీద రాఘవమ్మ దాని వీపు మీద చెయ్యి వేసి ఏమేమో చెబుతోంది. మా అమ్మ కూడా నా వీపు మీద అంతసేపు చెయ్యి వేసి ఉండదు.

2 ఆగస్టు, శ్రావణ శుక్రవారం

కామమ్మ వరలక్ష్మీ వ్రతం. నాకు పసుపు, కుంకుమ, తాంబూలం, శనగలు. వీధిలో సగంమంది ఆడవాళ్లు వచ్చారు. మా గది తలుపు మూసి ఉంది. లోపల నవోమి ఉంది.

శనగలు తెచ్చి పెడితే తినలేదు. వాళ్లు పూజలో పెట్టినవి తినరు. ఆ సంగతి నాకు తెలుసు, మరిచిపోయాను.

7 ఆగస్టు

ఇది రాయకూడదనుకున్నాను.

పొద్దున నవోమి కుళాయి దగ్గర బిందె పట్టుకుని తిరుగుతుంటే గంగులయ్య పనికి బయలుదేరాడు. ఎదురుపడ్డారు. ఆయన ఒక్కమాట అనలేదు. మంచివాడే. చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వెళ్లాడు, కూర్చుని మంచినీళ్లు తాగాడు, కాసేపాగి మళ్లీ బయలుదేరాడు. కామమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆ పిల్లని మగోళ్లు పొయ్యిందాకా కాస్త లోపలుండమను. తప్పుగా అనుకోబాకండి" అంది.

నవోమి బిందె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది.

"మా ఊళ్లో మా అమ్మకు ఎదురొస్తే జనం దణ్ణం పెడతారు" అంది గదిలోకొచ్చాక. వాళ్లమ్మా మొగుడు పోయిన మనిషే. నాకు అప్పటిదాకా తట్టలేదు.

కొన్నాళ్లు ఓర్చుకోవే అన్నాను. కొన్నాళ్లంటే ఎన్నాళ్లని అది అడగలేదు.

10 ఆగస్టు

మధ్య వాటా మగమనిషి వెళ్లిందాకా నవోమి తలుపు వెనక నిలబడుతోంది. అందుకని రోజూ ఆలస్యం. ఇవాళ సూపర్‌వైజరమ్మ అందరి ముందూ దాన్ని కడిగేసింది. రేపటినుంచి నేను కూడా దానితోపాటు ఆగుతానన్నాను. "ఇద్దరం తిట్లు తినడం దేనికే? నువ్వు పో" అంది.

నేను ముందే వెళుతున్నాను.

13 ఆగస్టు

హెబ్రోను ఆదివారం చూడడానికి వస్తానన్నాడట. ఇక్కడికి వద్దు, సెంట్రల్ స్టేషనులో కలుసుకోమన్నాను. నవోమి నావైపు చూసింది. అది కోపంగా చూస్తే నాకు బాగుండేది. ఏదో మొద్దు పిల్లకు లెక్క చెప్పబోయి మానుకున్న మాస్టరమ్మ చూసినట్టు చూసింది.

సెంట్రల్ స్టేషనులో తప్పేముంది? బోలెడంతమంది అక్కడే కలుసుకుంటారు.

15 ఆగస్టు

రాఘవమ్మ రోజూ సాయంత్రం నవోమిని తన గదికి పిలుస్తోంది. తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకుంటారు. నేను వెళితే మాట మారుస్తారు. ఏం చెబుతుందే అని అడిగితే నవోమి చెప్పదు.

"ఆమె నాకు చెప్పుకున్నది. నీకు చెప్పమనలేదు."

చెప్పుకున్నది దేనికి? అది కూడా తనలాంటిదేననుకుని. ఆ సంగతి నవోమికి నాకంటే బాగా తెలుసు. రాత్రి ప్రార్థన చేసుకునేటప్పుడు గోడవైపు తిరిగి చాలాసేపు కూర్చుంటోంది. నాకు ఒళ్లు మండింది, అన్యాయంగా మండింది. గది చూపించింది నేను, నెట్టుకొస్తున్నది నేను, వాళ్లిద్దరూ ఒకటయ్యారు. ఇలా రాయడం సిగ్గుగా ఉంది. అయినా రాశాను.

18 ఆగస్టు, ఆదివారం

అయిపోయింది.

నవోమి సెంట్రల్‌కు వెళ్లి హెబ్రోనును చూసి మధ్యాహ్నానికి వచ్చింది. మొహం కడుక్కుంటుంటే రాఘవమ్మ మా గుమ్మంలోకొచ్చింది. చేతిలో చేట, చేటలో బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ ముక్క, అరటికాయలు.

"పోయిన సంవత్సరమన్నారు గదా. ఏడాది తిరగొస్తుండాది. మీ అత్తగారోళ్లు పెడతారో పెట్టరో. పోయిన ఆ బిడ్డ ఆకలితో ఉండకూడదు. అయ్యవారితో మాట్లాడినాను, స్వయంపాకం ఇద్దాం. తిథి ఎప్పుడో చెప్పు బిడ్డా. ఆయన పేరేంది, గోత్రమేంది?"

చచ్చినవాడి పేరు చెప్పి అయ్యవారి చేతికి ఆ బియ్యమూ పప్పూ ఇవ్వాలి. ఇదంతా ఆవిడ సొంత ఖర్చుతో తెచ్చింది. నాలుక చివర నాకు ఒక పేరు వచ్చేసింది. ఏదో ఒక సుబ్బారాయుడు. చెబుదామని నోరు తెరిచాను.

నవోమి తడి మొహంతోనే రాఘవమ్మ ముందు నేలమీద కూర్చుంది.

"ఆయన చచ్చిపోలేదు పెద్దమ్మా. పేరు హెబ్రోను. ఇప్పుడే రైలెక్కించి వస్తుండా. మాకు ఇంకా పెళ్లి కాలేదు. నేను నాగమణిని కాదు, నవోమిని. మేము కిరస్తానీలం."

చేటలో బియ్యం కాసిన్ని కింద ఒలికాయి. రాఘవమ్మ నావైపు చూసింది. నేను నవోమి వైపు చూశాను.

"చెంచులక్ష్మికి తెలియదు. దానికి గూడా నేను అట్టే చెప్పినాను" అంది నవోమి.

నేను ఏమీ అనలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు కూడా.

రాఘవమ్మ వంగి ఒలికిన బియ్యం చేటలోకి ఎత్తుకుంది. "నీకు చెప్పుకున్నానే" అంది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నీకు చెప్పుకున్నానే అని రెండుసార్లు అని చేట తీసుకుని వెళ్లిపోయింది. నవోమి పెట్టె సర్దుకుంది. నేను చీరలు మడత పెట్టి ఇచ్చాను. ఎక్కడికే అంటే వేపేరికి అంది.

"నువ్వు ఇక్కడే ఉండు. ఉద్యోగం పోగొట్టుకోబాకు."

తనంత తానే చెప్పింది, నాకు తెలియదని. నేను చెప్పమనలేదు.

19 ఆగస్టు

నేను చెప్పమనలేదు.

20 ఆగస్టు

ఇవాళ నవోమి నాతో మాట్లాడింది. "నెల్లూరు లైను ఖాళీగా ఉందా?" అని. ఉందన్నాను.

21 ఆగస్టు

రాఘవమ్మ గదంతా పసుపునీళ్లతో కడిగించింది. సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది, నవోమి కూర్చునే చోటే. "నిన్ను గూడా ఎంత మోసం చేసింది. మనసులో పెట్టుకోబాకు తల్లీ" అంటూ నా వీపు నిమిరింది. ఆవిడ చెయ్యి ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. ఆ చెయ్యి తీసేదాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను.

మనవాళ్ల పిల్లనెవరినైనా తోడు తెచ్చుకోమంది. చూస్తానన్నాను.

రాత్రి డ్యూటీ. బోర్డు మీద దీపాలు వెలుగుతుంటే ఎవరెవరివో గొంతులు కలుపుతూ కూర్చున్నాను. పక్క బోర్డు ఖాళీ. నవోమి డ్యూటీ మార్పించుకుంది.

25 ఆగస్టు, ఆదివారం

నాయన వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. భుజం మీద బియ్యం మూట.

గది చూసి సంతోషించాడు. బావి నీళ్లు తోడి తాగి తియ్యగా ఉన్నాయన్నాడు. గోడకు ఉన్న రెండు మేకుల్లో ఒకటి ఖాళీగా ఉండడం చూసి, "ఆ పిల్లేదమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా రాఘవమ్మ కాఫీ పట్టుకుని వచ్చింది. ఆవిడకు చెప్పుకునే మనిషి దొరికాడు. మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

"మొగుడు పోయినాడని నా ఇంట్లో చేరిందయ్యా. కిరస్తానీ అని మీ పిల్లకు గూడా తెలియదంట. తోడొకటే గదా అని నమ్మింది అమాయకురాలు."

నాయన నావైపు చూడలేదు. కాఫీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. నవోమి ఎవరో, వాళ్లమ్మ ఏం చేస్తుందో నా ముందే, నా పక్కనే కూర్చుని విన్న మనిషి. మా గట్టు తగాదా నెల్లూరు కోర్టుకెక్కినప్పుడు ప్లీడరు ఒక చిన్న మాట మార్చి చెప్పమంటే, కేసు పోయినా సరే మార్చనన్న మనిషి. కాఫీ కాస్త తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"మా పిల్లకేం తెలస్తదిలేమ్మా. చిన్నది" అన్నాడు.

నాయన అబద్ధం చెప్పాడు. నాకోసం. అంత తేలిగ్గా, అలవాటున్న వాడిలాగా. ఆయన మెడ మీద చెమట పట్టింది. అది చూశాక నాకు ఆ గదిలో నిలబడడం చేత కాలేదు.

"నాకు తెలుసు పెద్దమ్మా" అన్నాను. "నవోమి ఏమీ చెప్పలేదు. పోయిన సంవత్సరమని చెప్పింది నేను. నాగమణి అని చెప్పింది నేను. వద్దు వద్దంటుంటే ఒప్పించింది కూడా నేనే."

రాఘవమ్మ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండును. ఆవిడ అడిగింది ఒకటే.

"నేనా పిల్లకు చెప్పుకున్నవన్నీ నీకు చెప్పిందా?"

"లేదు. అడిగినా చెప్పలేదు."

ఆవిడ తల ఊపింది. ఎందుకో కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు పొద్దన్నే ఖాళీ చెయ్యి" అని, నాయన తాగిన గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

నాయన తిట్టలేదు. పెట్టె దించి తాళ్లు వెతుకుతూ, "ఆ పిల్ల యాడుంది?" అన్నాడు. వేపేరిలో అని, వాళ్ల సంఘం ఆవిడ ఇంట్లో అని చెప్పాను. అక్కడ మొదటే గది ఉందని, నువ్వు ఒప్పుకోవని వద్దన్నానని కూడా చెప్పాను.

"నన్ను అడిగినావా?" అన్నాడు.

అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన ఒప్పుకోడని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాకు ఇష్టం లేదు. వాళ్ల కంచాలూ, వాళ్ల గ్లాసులూ, వాళ్ల వంటిల్లూ నాకు ఇష్టం లేదు. ఇన్నాళ్లకు రాయగలిగాను.

26 ఆగస్టు
వేపేరి

నాయన పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. రిక్షా వద్దన్నాడు. పట్నంలో జనం చూస్తుంటే నాకు సిగ్గుగా ఉంది, సిగ్గుపడుతున్నందుకు ఇంకా సిగ్గుగా ఉంది. దారి పొడుగునా నవోమితో ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ నడిచాను. క్షమించు అనాలా? రాఘవమ్మతో నిజం చెప్పేశానని ముందే చెప్పాలా? చెబితే మెప్పు కోసం వచ్చానని అనుకోదా?

పచ్చ రంగు గేటు. తలుపు తీసింది నవోమి. తల దువ్వుకుంటోంది, జడ సగం అల్లి ఉంది. నన్ను చూసింది, వెనక నాయన నెత్తిన పెట్టె చూసింది. "రాండి నాయనా, ముందు అది దించండి" అని తనూ ఒక చెయ్యి వేసి దించింది. దారిలో కూడబలుక్కున్నవి నాకొక్కటీ గుర్తు రాలేదు.

"అక్కడ అంతా చెప్పేశాను" అన్నాను.

"ఊఁ" అంది.

లోపలినుంచి ఏసుమణిగారు వచ్చారు. తెల్లచీర, తెల్లజుట్టు, చేతిలో కూరగాయల కత్తిపీట. నన్ను పైనుంచి కిందికి చూశారు. నా నుదుటి బొట్టు దగ్గర ఆవిడ చూపు ఒక్క క్షణం ఆగింది. ఇన్నాళ్లూ నవోమి నుదుటి దగ్గర ఆగిన చూపులన్నీ నాకు గుర్తొచ్చాయి. వాకిట్లో నిలబడి ఆ చూపు కింద ఉండడం ఎలా ఉంటుందో తెలిసింది.

ఒక మంచం ఖాళీ ఉంది కాని, తెలియని మనిషిని ఇంట్లో పెట్టుకోనని చెప్పారు. తర్వాత నవోమి వైపు తిరిగారు.

"ఎవరమ్మా ఈ అమ్మాయి? నీ స్నేహితురాలా?"

నవోమి మిగిలిన సగం జడ అల్లుకుంది. చివర రిబ్బను ముడి వేసుకుంది. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"మా ఆఫీసులో పనిచేస్తదండీ. పక్క బోర్డు" అంది.

ఏసుమణిగారు సరేనన్నారు. మంచం చూపించారు. నాయన మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయాడు. నవోమి మంచం ఇదే గదిలో, కిటికీ పక్కన. ఇప్పుడు గోడవైపు తిరిగి ప్రార్థన చేసుకుంటోంది.

అది నాకోసం ఒకసారి అబద్ధం చెప్పింది. ఇవాళ చెప్పలేదు.